వెతకడంలో పనితనం

2013 మే మొదటివారంలో అమెరికాలోని బోస్టన్ నగరంలో, హైన్స్ కన్వెన్షన్ సెంటర్‌లో నాలుగు సభలు ఒకే పందిట్లో జరిగాయి. అమెరికా మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ వార్షిక సభ ఒకటి. వైద్య గ్రంథాలయాల పదకొండో అంతర్జాతీయ మహాసభ ఇంకొకటి. పశువైద్య సమాచార నిపుణులది ఏడో సదస్సు. ఆస్పత్రి వార్డుల్లో డాక్టర్ల వెంట రౌండ్లకు వెళ్లే క్లినికల్ లైబ్రేరియన్లది ఆరో సదస్సు. నాలుగింటికీ కలిపి పెట్టుకున్న పేరు ‘వన్ హెల్త్’. మనిషి ఆరోగ్యం, గొడ్డూగోదా ఆరోగ్యం, నేలా నీళ్ల ఆరోగ్యం ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవని దాని అర్థం.

ఇలాంటి సభల గురించి మన పత్రికల్లో ఏమీ రాదు. మందు కనిపెట్టినవాళ్ల గురించి రాస్తాం, అరుదైన ఆపరేషన్ చేసినవాళ్ల గురించి రాస్తాం. ఆ మందు మీద అంతకుముందు ఎవరెవరు ఏమేం రాశారో ఒక్కటీ జారిపోకుండా వెతికి డాక్టరు ముందు పెట్టినవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. ఆ వెతకడంలో ఎంత పనితనం ఉందో, ఆ పనివాళ్లు ఒకచోట చేరినప్పుడు ఒకరి పనిని ఒకరు ఎంత పట్టిపట్టి చూస్తారో నాలుగు మాటలు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

వైద్యంలో సిస్టమాటిక్ రివ్యూ అని ఒక రకం రచన ఉంది. ఒక చికిత్స పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న తీసుకుని, దాని మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఏరి, కలిపి తూచి, ఇదీ సంగతి అని తేల్చి చెబుతారు. 1993లో మొదలైన కాక్రేన్ సంస్థకు పేరు వచ్చింది ఈ పనితోనే. అధ్యయనాల్లో సగం దొరక్కపోతే, దొరికిన సగాన్ని ఎంత శ్రద్ధగా తూచినా లెక్క తప్పుతుంది. సగం అని నేను మాటవరసకు అనడం లేదు. 1994లో కే డికర్సిన్, రాబర్టా షెరర్, కేరల్ లెఫెబ్వ్ర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. వైద్య వ్యాసాల వివరాలుండే మెడ్‌లైన్ డేటాబేస్‌లో చేయి తిరిగినవాళ్లు వెతికినా, ఉన్న ట్రయల్స్‌లో సగటున సగమే పైకి వస్తున్నాయని అందులో చూపించారు. కొన్ని అసలు అందులోకి ఎక్కలేదు. కొన్ని ఎక్కినా, ఇది ట్రయల్ అని చెప్పే గుర్తు వాటికి లేదు. ఆ ముగ్గురిలో లెఫెబ్వ్ర్ వృత్తిరీత్యా సమాచార నిపుణురాలు. వెతకడానికి ఒక శాస్త్రం కావాలని వైద్యలోకం గట్టిగా గుర్తించింది దాదాపు ఆ రోజుల్లోనే.

మనకు దగ్గరి విషయం ఒకటి తీసుకుని ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం. నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లోనూ, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోని కొన్ని పల్లెల్లోనూ తాగునీటి ఫ్లోరైడ్ తరాల తరబడి జనం పళ్లకు గార పట్టించింది, ఎముకలను వంచింది. ఒక మెడికల్ కాలేజీలో పీజీ చేసే కుర్రాడు లైబ్రరీకి వచ్చి, “మేడమ్, మన రెండు రాష్ట్రాల్లో ఫ్లోరోసిస్ మీద ఇంతవరకూ వచ్చిన పేపర్లన్నీ కావాలి” అని అడిగాడనుకుందాం. ‘ఫ్లోరోసిస్ ఆంధ్రప్రదేశ్’ అని, మెడ్‌లైన్‌ను ఎవరైనా ఉచితంగా వెతుక్కునే పబ్‌మెడ్‌లో కొడితే ఏవో కొన్ని వస్తాయి. తెర నిండుగానే కనిపిస్తుంది. తనకు దొరకనివి ఎన్ని ఉన్నాయో ఆ కుర్రాడికి తెలిసే దారే లేదు. మేడమ్ పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ముందు రోగం పేరు. రూపాలన్నీ ఒకేసారి రావాలని మాటను మధ్యలో కోసి చుక్కగుర్తు పెట్టడం డేటాబేస్‌లలో మామూలు పద్ధతి. ‘ఫ్లోరో’ దగ్గర కోస్తే ఎక్స్‌రే గదిలోని ఫ్లోరోస్కోపీ వస్తుంది, ఫ్లోరోక్వినలోన్ యాంటీబయాటిక్‌లు వస్తాయి, క్యాన్సర్ మందు ఫ్లోరోయురాసిల్ వస్తుంది. లక్షల కొద్దీ కాగితాల కింద మనకు కావలసినవి పూడిపోతాయి. పోనీ అని ఇంకొంచెం ముందుకు జరిగి ‘ఫ్లోరోసి’ దగ్గర కోస్తే, రోగమున్న పంటిని, ఎముకను వర్ణించే ‘ఫ్లోరోటిక్’ అన్న రూపం జారిపోతుంది. అందుకని పని తెలిసినవాళ్లు ఇక్కడ అసలు కోయరు. రెండు మాటలూ పూర్తిగా రాసి, ఏది ఉన్నా సరే అని చెప్పే ‘ఆర్’ మధ్యలో పెడతారు.

తరవాత పాత పేర్లు. గారపళ్లను ఒకప్పటి దంతవైద్యులు ‘మోటిల్డ్ ఎనామెల్’ అనేవారు. డెన్మార్క్ వైద్యుడు కాయ్ రోహోమ్ 1937లో ఈ విషం మీద రాసిన పెద్ద గ్రంథానికి ‘ఫ్లోరిన్ ఇన్‌టాక్సికేషన్’ అని పేరు పెట్టాడు. ఈ మాటలూ వెతికే వరుసలో చేరాలి. ఆపైన సబ్జెక్ట్ హెడింగులు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960 నుంచి ‘మెష్’ అనే పదావళిని నడుపుతోంది. రచయిత ఏ మాట వాడినా, ఇండెక్స్ చేసేటప్పుడు ఆ వ్యాసానికి ఆ పదావళిలోని పేరే తగులుతుంది. ఇప్పుడందులో దాదాపు 30 వేల పేర్లున్నాయి. మన విషయం అందులో ఒక్కచోట లేదు. పళ్లది ఒక హెడింగు, ఫ్లోరైడ్ విషానిది ఇంకో హెడింగు. ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్లకు సగం రోగమే కనిపిస్తుంది.

ఇక ఊరి పేరు. నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే ఘట్టం ఇది. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్‌లో వచ్చింది. అంతకుముందు నల్గొండ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. 2016లో ఆ జిల్లాయే మూడు జిల్లాలైంది. నెల్లూరు 1953 దాకా మద్రాసు కింద ఉంది. ప్రకాశం అనే జిల్లా 1970కి ముందు లేదు. హైదరాబాద్ అని రాస్తే పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ కూడా వచ్చి చేరుతుంది. ఈ చరిత్రంతా తెలిసినవాళ్లే ఆ వరుస సరిగ్గా రాయగలరు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం మన దేశంలో ఈ రోగం మీద వచ్చిన తొలి రచనల్లో ఒకటి. దాని శీర్షికలో నెల్లూరు ఉంది, దక్షిణ భారతం ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. అప్పటికి ఆ పేరుతో రాష్ట్రమే లేదు కదా.

అన్ని పేర్లూ రాశాక కూడా మంచి లైబ్రేరియన్ ఒక్క క్షణం ఆగి, అసలు ఈ వరుస ఉండాలా అని ఆలోచిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో ఒక వ్యాసం రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి, ఎముకలు గుల్లబారడం గురించి అది ప్రపంచమంతా చదివిన రచన. దాని శీర్షికలో ‘ఫ్లోరోసిస్ ఉన్న ఒక ప్రాంతం’ అని ఉంటుంది తప్ప ఊరి పేరు గానీ రాష్ట్రం పేరు గానీ ఉండదు. మెడ్‌లైన్‌లోకి వ్యాసాల సారాంశాలు ఎక్కడం 1975లో మొదలైంది. అంతకుముందు వ్యాసాల్లో మనం వెతకడానికి ఉన్నదల్లా శీర్షిక, హెడింగులు, అంతే. కాబట్టి శీర్షికలో ఆంధ్రప్రదేశ్ అన్న మాట ఉండాలని పట్టుబడితే, ఆంధ్రప్రదేశ్ ఫ్లోరోసిస్ మీద వచ్చిన అతి ముఖ్యమైన వ్యాసాల్లో ఒకటి గడప అవతలే ఉండిపోతుంది. పాత వ్యాసాలకు ‘ఇండియా’ అన్న హెడింగుతో వెతకడం, కొత్తవాటికి ఊళ్ల పేర్లు కలపడం, మిగిలినవి కంటితో చదివి ఏరడం ఇక్కడ సరైన దారి. అది రోజుల పని. ఆ రోజులు వెచ్చించడానికి ఒప్పుకోవడం కూడా పనితనంలో భాగమే.

పాత కాగితాలకు అంత విలువేమిటి అనే డాక్టర్లున్నారు. వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆస్తమా మీద జరిగిన ఒక పరిశోధనలో, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన, ఏ జబ్బూ లేని 24 ఏళ్ల యువతికి హెక్సామెథోనియం అనే రసాయనాన్ని పీల్పించారు. ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేస్తుందని 1950ల్లో వ్యాసాలు వచ్చి ఉన్నాయి. పరిశోధకుడు చూసిన పబ్‌మెడ్ అప్పట్లో 1966 నుంచే మొదలయ్యేది. వైద్య లైబ్రేరియన్లు ఈ సంగతిని ఇప్పటికీ తమ తరగతుల్లో చెప్పుకుంటారు. డేటాబేస్ ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా అందులో ‘ఏమీ లేదు’ అని చెప్పకూడదని వాళ్ల నియమం.

ఇప్పుడు అసలు మెచ్చుకోవలసిన వరుస దగ్గరికి వచ్చాం. మనుషుల మీద జరిగిన అధ్యయనాలే కావాలి, ఎలుకలవీ కుందేళ్లవీ వద్దు అనుకుందాం. ‘హ్యూమన్స్’ అన్న గుర్తు ఉన్నవే తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. డేటాబేస్‌లోని కొన్ని వ్యాసాలకు ఏ గుర్తులూ తగిలించి ఉండవు, అవన్నీ పోతాయి. పోనీ ‘యానిమల్స్’ అన్న గుర్తు ఉన్నవి తీసేస్తే? మనుషులనూ పశువులనూ కలిపి చూసిన అధ్యయనాలు పోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మెష్ వంశవృక్షంలో మనిషి జంతువుల కొమ్మ కిందే ఉంటాడు. ఆ కొమ్మను మొత్తంగా నరికితే మనిషి కూడా దాంతో పోతాడు. దీనికి వాళ్లు కనిపెట్టిన వరుస ఇలా ఉంటుంది: నాట్, బ్రాకెట్లో యానిమల్స్ నాట్ హ్యూమన్స్. ముందు బ్రాకెట్ లోపల, జంతువులవి అయ్యుండి మనుషులవి కానివాటిని మాత్రమే ఒక కుప్పగా వేరు చేస్తారు. తరవాత ఆ కుప్పను మొత్తంలోంచి తీసేస్తారు. రెండు రకాలూ కలిసినవి మిగులుతాయి. గుర్తు పడనివి మిగులుతాయి. పోవలసినవే పోతాయి. చేటలో బియ్యం చెరిగి, గింజ ఒలకకుండా రాళ్లు మాత్రమే ఏరిన చేతులు గుర్తొస్తాయి నాకు ఆ వరుస చూసినప్పుడల్లా. నాలుగు మాటలు, ఒక జత బ్రాకెట్లు. ప్రపంచంలో వేల రివ్యూలు ఈ ఒక్క వరుస మీద ఆధారపడి నడుస్తున్నాయి.

అంత చక్కని వరుసను కూడా తీసి పక్కన పెట్టవలసిన ప్రశ్నలుంటాయి. బోస్టన్ సభ పశువైద్యుల లైబ్రేరియన్లను అదే కప్పు కిందికి తేవడంలో నాకు కనిపించిన విశేషం అదే. ఫ్లోరోసిస్ మనుషులకే పరిమితం కాదు, అవే నీళ్లు తాగి అదే మేత మేసే పశువుల పళ్లూ ఎముకలూ కూడా పాడవుతాయి. ఒక ఊరి నీళ్ల కథ మొత్తం తెలియాలంటే పశువుల అధ్యయనాలు కూడా కావాలి. వాటిలో చాలావాటికి పబ్‌మెడ్ చాలదు, వ్యవసాయ పశువైద్య రచనలుండే క్యాబ్ యాబ్‌స్ట్రాక్ట్స్ లాంటి డేటాబేస్‌కు వెళ్లాలి. అక్కడి పదావళి వేరు, వరుసలు రాసే వ్యాకరణం వేరు. మనుషుల ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన లైబ్రేరియన్ కూడా అక్కడ పశువైద్య కళాశాల లైబ్రేరియన్ పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే.

ఇలాంటి సభకు వెళ్లేవాళ్లు పెద్ద ఉపన్యాసాల కోసం మాత్రమే వెళ్లరు. సభకు ముందు రోజుల్లో వర్క్‌షాపులు ఉంటాయి. మధ్యాహ్నాల్లో పోస్టర్లు ఉంటాయి. తను కట్టిన సెర్చ్‌ను గోడకు అతికించి, దాని పక్కన నిలబడి, వచ్చిపోయేవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ చుక్కగుర్తు ఇక్కడెందుకు, ఈ హెడింగు కింద ఉన్న చిన్న హెడింగులన్నీ కలిపావా, బ్రిటిష్ స్పెల్లింగు మరిచిపోయావేం, ఇలా ఉంటాయి ఆ ప్రశ్నలు. వృత్తిలో పెద్దవాళ్లు చిన్నవాళ్ల వరుసలను వేలు పెట్టి చదువుతారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లవీ చదువుతారు.

ఆ చదవడానికి ఒక క్రమం ఏర్పడింది. 2006లో కెనడాకు చెందిన మార్గరెట్ శాంప్సన్, జెస్సీ మెక్‌గోవన్ అచ్చయిన 63 సెర్చ్‌లను తీసి వరుస వరుసా పరీక్షించారు. పదింట తొమ్మిదింటిలో కనీసం ఒక్క తప్పయినా ఉంది. ‘ఆర్’ ఉండవలసిన చోట ‘యాండ్’ పడటం, మూడో వరుసను కలపబోయి నాలుగో వరుసను కలపడం, హెడింగు మరిచిపోవడం లాంటివి. ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఆ పరిశీలన నుంచే ‘ప్రెస్’ అనే పద్ధతి పుట్టింది. ఒకరు కట్టిన సెర్చ్‌ను వాడకముందే మరొకరు ఆరు కోణాల నుంచి చూడాలి. ప్రశ్న సరిగ్గా వరుసల్లోకి వచ్చిందా అన్నది మొదటిది. ఆర్, యాండ్, నాట్‌ల కూర్పు, సబ్జెక్ట్ హెడింగులు, మామూలు మాటలు, స్పెల్లింగులూ వరుస సంఖ్యలూ, చివరికి పెట్టిన పరిమితులు తక్కినవి. తన పనిని తోటివాళ్ల చేతిలో పెట్టి తప్పులు చూపించమని అడగడం అంత తేలికైన సంగతి కాదు. ఈ వృత్తివాళ్లు దాన్ని నియమంగా పెట్టుకున్నారు. వాళ్ల మీద నాకున్న గౌరవంలో పెద్ద పాలు దీనిదే.

2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ అనే 16 అంశాల పట్టిక దీనికి కొనసాగింపు. ఏ డేటాబేస్, ఏ కంపెనీ తెర మీద, ఏ తేదీన, ఏ వరుసలతో వెతికారో ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయాలని అది అడుగుతుంది. ఆ పట్టిక రాసినవాళ్లలో ముందున్న మెలిస్సా రెథ్‌లెఫ్సెన్ 2015లోనే సహచరులతో కలిసి మరో సంగతి చూపించారు. లైబ్రేరియన్ సహరచయితగా ఉన్న రివ్యూల్లో సెర్చ్ మెరుగ్గా ఉంటోంది. మన మెడికల్ కాలేజీల్లో థీసిస్ రాసే పిల్లలు లైబ్రేరియన్‌ను చివరి వారంలో, రిఫరెన్సులు సర్దడానికి కలుస్తారు. మొదటి వారంలో కలవాలి.

ఈ పని వెనక చేతిరాత కాలం కూడా ఒకటుంది. వాషింగ్టన్‌లోని సర్జన్ జనరల్ లైబ్రరీని పెంచిన జాన్ షా బిల్లింగ్స్, రాబర్ట్ ఫ్లెచర్‌తో కలిసి 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ మొదలుపెట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే వైద్య పత్రికల్లోని వ్యాసాలను విషయాలవారీగా పేర్చి అచ్చు వేసే పట్టిక అది. 1964లో ఆ పని కంప్యూటర్‌కెక్కింది, 1997లో పబ్‌మెడ్‌గా అందరికీ ఉచితమైంది, 2004తో కాగితం మీద ఆగిపోయింది. ఇప్పుడు పబ్‌మెడ్‌లో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. 1898లో ఫిలడెల్ఫియాలో నలుగురు డాక్టర్లు, నలుగురు లైబ్రేరియన్లు కూర్చుని మెడికల్ లైబ్రరీ అసోసియేషన్‌కు పునాది వేశారు. ఒక లైబ్రరీలో రెండేసి ఉన్న పత్రికలను లేని లైబ్రరీకి పంపుకోవడం వాళ్ల మొదటి పనుల్లో ఒకటి. అంతర్జాతీయ మహాసభ 1953లో లండన్‌లో మొదలైంది. ఆరోది 1990లో మన ఢిల్లీలో జరిగింది. 2005లో బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో జరిగిన మహాసభలో, ఆరోగ్య సమాచారం అందరికీ సమానంగా అందాలని ఒక ప్రకటన చేశారు.

బోస్టన్ పేరు వింటే తెలుగువాళ్లకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. 1920ల మొదట్లో ఆయన అమెరికా వెళ్లి చేరింది ఆ ఊరికే. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి శాస్త్రలోకంలో ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగానే ఉంది. ఆయన పేరు డేటాబేస్‌ల్లో ఎలా ఉంటుందో చూడండి. మన అలవాటులో ఇంటిపేరు ముందు, పేరు తరవాత. పాశ్చాత్య పట్టికలు చివరి మాటను ఇంటిపేరుగా పట్టుకుంటాయి. అందుకే యల్లాప్రగడ ‘వై’ అనే ఒక్క అక్షరమై వెనక్కి పోయింది, సుబ్బారావు ముందుకు వచ్చాడు. ఆ సుబ్బారావుకైనా ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్కటే లేదు. చివర ఓ, డబ్ల్యూ పెట్టి ఆయన రాసుకున్న రూపం ఒకటి, ఏ, ఓ పెట్టి మనం రాసేది ఇంకొకటి, మధ్యలో పెద్ద ఆర్‌తో అచ్చయింది మరొకటి. కొన్నిచోట్ల పేరు రెండు ముక్కలై ‘రావు’ ఒక్కటే ఇంటిపేరు స్థానంలో కూర్చునే ప్రమాదమూ ఉంది. తెలుగు పరిశోధకుల్లో ఎందరికో ఇదే కథ. బోస్టన్ సభకు కొద్ది నెలల ముందు, 2012 అక్టోబరులో, ఒక్కో రచయితకు 16 స్థానాల శాశ్వత సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ మొదలైంది. ఇప్పుడు రాస్తున్నవాళ్లకు ఆ సంఖ్య దారి చూపుతుంది. 1948లో వెళ్లిపోయిన సుబ్బారావుకు అది లేదు. ఆయన పనిని వెతికే లైబ్రేరియన్ ఈ రూపాలన్నిటినీ ఒకదాని కింద ఒకటి రాసుకుని, మధ్య మధ్య ‘ఆర్’ పెట్టి, ఇంటిపేరుతో ఒకసారి, పేరుతో ఒకసారి, పక్కన ఫిస్క్‌ను చేర్చి ఒకసారి, చేర్చకుండా మరోసారి వెతుకుతారు.